అడిగి నడిచిన దారి

మొదట వినిపించింది కాగితం తెగే చప్పుడు. సర్రుమని ఒక పొడుగాటి గీత, కాసేపు మౌనం, మళ్ళీ సర్రుమని ఇంకో గీత. ఎండిన చెరకాకుల మీద చీర కొంగు ఈడ్చుకుంటూ ఎవరో దూరంగా నడిచిపోతున్నట్టుగా ఉంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవి అది. ప్రొద్దుటూరు కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టడానికి నబీ రసూల్ కూర్చున్న మొదటి రోజు. గోడకు అవతల వకీళ్ళ గది. లోపల ఎవరో గుడ్డ చింపుతున్నారనుకున్నాడు ముందు. దూదేకుల ఇంట్లో పుట్టి పరుపుల గుడ్డ చింపే చప్పుడు మధ్య పెరిగినవాడు కాబట్టి అది గుడ్డ కాదని వెంటనే తెలిసిపోయింది. గుడ్డ చిరిగితే ఏడుస్తుంది. ఇది ఎవరికో చెవిలో రహస్యం చెబుతోంది.

లేచి కిటికీలోంచి చూశాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర బూడిద రంగుకు తిరిగిన నల్లకోటు, ఒళ్ళో లావాటి పుస్తకం. పేజీలు అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తమలపాకుల ఈనెలు తీసే చిన్న కత్తితో ఆయన వాటిని విడదీస్తున్నాడు. కోసిన పేజీని వెంటనే చదవడం లేదు. అరచేత్తో ఒకసారి నిమిరి పక్కకు తిప్పుతున్నాడు, చంటిబిడ్డ తల నిమిరినట్టు.

"ఏంది సామీ ఆ పుస్తకం?"

"తీర్పులు."

"ఏ కోర్టువి?"

"హేగు."

"అది యాడ సామీ? గుంటూర్లో కొత్తగా హైకోర్టు పెడతారని విన్నా గానీ..."

"గుంటూరు కాదప్పా, సముద్రం అవతల. మనుషులు మనుషుల మీద కాదు, రాజ్యాలు రాజ్యాల మీద దావా ఏసుకునే కోర్టు."

కోర్టంటే నబీ రసూల్‌కు తెలిసింది ఒకటే, తీర్పు అమలు జరిపే ఉద్యోగి. "గెలిచినోళ్ళకు అమీను పోయి స్వాధీనం ఇప్పిస్తాడా?"

ఆయన తల ఎత్తాడు. మొహం నిండా నవ్వు పరుచుకుంది. "అమీను లేడు."

"అమీను లేని కోర్టుకు ఎవరు పోతారు సామీ?"

"పోతాండారు గదా. అందుకే చదువుతాండా."

ఆయన పేరు వేదవ్యాస. పులివెందులలో పుట్టాడు. తండ్రి పొద్దున పౌరోహిత్యం చేసి పగలు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పేవాడు. ప్లీడరు పరీక్ష ప్యాసై ప్రొద్దుటూరు వచ్చి పదహారేళ్ళయినా, వేదవ్యాస దగ్గరికి వచ్చే కేసులన్నీ వేరే వకీళ్ళ గుమ్మాలు తొక్కి అలిసిపోయి వచ్చినవే. ఇంటిముందు బోర్డు ఎండకు వెలిసి, దూరం నుంచి చూస్తే తుడిచేసిన పలకలాగా ఉండేది. 1949లో ఏదో అప్పీలు పనిమీద మద్రాసు పోయినప్పుడు ఒక పుస్తకాల అంగట్లో ఆయనకు హేగు కోర్టు తీర్పు ఒకటి కంటబడింది. సన్నటి జలసంధిలో మందుపాతరలు పేలి ఓడలు దెబ్బతిన్న కేసు. నీళ్ళలో ప్రమాదం ఉందని తెలిసి కూడా దారిన పోయేవాళ్ళకు చెప్పకపోతే అది తప్పేనని ఆ న్యాయమూర్తులు రాశారు. వేదవ్యాస నిలబడే చదివాడు. రైలు వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు ఆ అంగడి వాళ్ళ ద్వారా పరదేశం నుంచి పోస్టులో వచ్చేవి. ఎడమ పేజీ ఫ్రెంచి, కుడి పేజీ ఇంగ్లీషు. ఎడమ పేజీలో ఒక్క ముక్క ఆయనకు అర్థం కాదు. అయినా రెండు పేజీలనూ ఒకే మర్యాదతో కోసేవాడు. కుడి పేజీని తెలుగులోకి దించేవాడు. ఎవరు చదువుతారో తెలియదు. ఎవరూ అడగలేదు. మన దేశంలో ఏదో ఒకరోజు ఏ పల్లెటూరి మనిషైనా లోకంలో న్యాయం ఎట్లా చేస్తారని అడిగితే, చూపించడానికి తెలుగులో ఒక పుస్తకం ఉండాలని ఆయన కోరిక. ఆయన చేతిరాత వంకర. అందుకని శుద్ధప్రతి రాసే పని నబీ రసూల్ తీసుకున్నాడు. సాయంత్రం అర్జీల పని అయిపోయాక ఆయన చెబుతుంటే ఇతను రాసేవాడు. అట్లా ఆరేళ్ళు గడిచాయి. ఆ రాతలో నబీ రసూల్ ఎన్ని రాజ్యాల తగాదాలు విన్నాడో, వాటిలో సగం పేర్లకు నోరు తిరగదు. నోరు తిరగని దేశాల దుఃఖం కూడా రాస్తూ ఉంటే మన పక్కింటి దుఃఖంలాగే ఉండేది.

"ఈడ మన మున్సిఫుగారు ఒక్కరే తీర్పు చెప్తారు గదా," అనేవాడు వేదవ్యాస. "ఆడ పదిహేనుమంది. తీర్పుకు ఒప్పుకోని జడ్జీలు కూడా తమ మాట రాస్తారు. దాన్ని గూడా అదే కాగితం మీద అచ్చేస్తారు నబీ. చెరిపెయ్యరు."

వకీళ్ళ గదిలో ఆయన్ని హేగు సామి అనేవాళ్ళు. భార్య సుశీలమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. పార్సిలు మీద అంటించిన పరదేశపు తపాలా బిళ్ళలను చించకుండా ఊడదీసి దాచేది. ఒకసారి మంచినీళ్ళు తెచ్చి పెడుతూ అడిగింది: "ఆ ఊరికి ఎన్నడన్నా పోతావా?"

"ఎందుకు?"

"ఇంతగా తలుచుకుంటాండావు గదా అని."

*

1960 చివర్లో ఆ ఏటి తీర్పుల పుస్తకం వచ్చింది. అందులో మన దేశం మీద పోర్చుగల్ వేసిన దావా ఉంది. గుజరాతు పక్కన, మన నేల మధ్యలో పోర్చుగీసు వాళ్ళకు రెండు ముక్కల భూమి ఉండేది. సముద్రపు ఒడ్డునున్న తమ ఊరి నుంచి ఆ ముక్కలకు పోవాలంటే మన నేల మీదుగా నడవాలి. ఆ దారి మాకు హక్కు అని వాళ్ళ వాదన. హేగు కోర్టు దాన్ని రెండుగా కోసింది. నూరేళ్ళకు పైగా మామూలు జనం, సరుకులు ఎవరినీ అడగకుండా రాకపోకలు సాగించారు కాబట్టి వాళ్ళకు హక్కుంది. తుపాకులు పట్టిన పోలీసులు, సైనికులు మాత్రం వచ్చిన ప్రతిసారీ అనుమతి అడిగారు. అడిగి నడిచిన దారి హక్కు కాదు, దయ. దయను ఎప్పుడైనా ఆపవచ్చు.

వేదవ్యాస ఆ వాక్యం దగ్గర మూడు సాయంత్రాలు ఆగిపోయాడు. ఎట్లా రాసినా ఇంగ్లీషులో ఉన్నంత చల్లగా తెలుగులో రావడం లేదన్నాడు. చివరికి నాలుగో రోజు చెప్పాడు, నబీ రసూల్ రాశాడు: "ప్రతిసారీ అనుమతి కోరుట అనగా హక్కు లేదని ప్రతిసారీ ఒప్పుకొనుటయే."

"ఎట్లుండాది?"

"కత్తి మాదిరి ఉండాది సామీ."

ఆయన పొంగిపోయాడు.

ఆ నెలలోనే జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి లాల్‌బీ వచ్చింది. నబీ రసూల్‌కు చిన్నమ్మ, తల్లి చెల్లెలు. ఊరూరూ తిరిగి పరుపుల దూది ఏకి బతికే మనిషి. జుట్టులో, కనుబొమ్మల మీద ఎప్పుడూ తెల్లటి దూది నలకలుండేవి. ముసలితనం వచ్చాక ఏది దూదో ఏది వెంట్రుకో తెలియకుండా పోయింది.

ఆమె పల్లె పెన్న ఒడ్డున ఉంది. దూదేకుల సమాధులు ఊరి వెనక, ఏటి గట్టు మీద. ఊరికీ సమాధులకూ మధ్య ఒక చేను. తాతలనాటి నుంచి ఆ చేని గెనిమ గట్టు మీదుగానే శవాలను మోసుకుపోయారు. అక్కడ ఆమె మొగుడు పీర్ సాహెబ్ ఉన్నాడు. మశూచితో తొమ్మిదేళ్ళకే పోయిన కొడుకు హుమాయున్ ఉన్నాడు. ఆ రెండు సమాధుల మధ్య ఒక మనిషి పట్టే జాగా ఆమె వదిలిపెట్టింది. ప్రతి గురువారం పోయి ఆ జాగాలో ముళ్ళు ఏరి, ఊదొత్తి వెలిగించి వచ్చేది. ఇప్పుడు చేను చేతులు మారింది. కొన్న ప్రొద్దుటూరు పత్తి వ్యాపారి చేని చుట్టూ కడప బండలు నిలువుగా పాతించాడు. గెనిమ మూసుకుపోయింది.

"ఏటి ఇసకలో రెండు మైళ్ళు చుట్టి పోవచ్చంట," అంది లాల్‌బీ. "నేను పోతా సామీ, కాళ్ళుండాయి. రేపు నన్ను మోసేటోళ్ళు యాడ పోతారు? ఏరొస్తే ఎట్ల పోతారు? నా జాగా ఆడుండాది."

వేదవ్యాస ఆమె వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నబీ రసూల్‌కు తెలుసు, కొత్త పుస్తకం విప్పేటప్పటి చూపు.

"నబీ, ఇది మన కేసే గదప్పా!"

"ఏ కేసు సామీ?"

"హేగు కేసు. నడుమ పరాయి నేల, అవతల సొంత భూమి. మామూలు జనం, ఆయుధాలు లేవు. నూరేండ్ల వాడుక. శవాన్ని మోసే జనాజాలో తుపాకులుంటాయా?"

ఆ వారమే జమ్మలమడుగు పోయి చేను చూసి వచ్చాడు. బండకూ బండకూ మధ్య బెత్తెడు సందుంది. లాల్‌బీ ఆ సందుకు మొహం ఆనించి నిలబడింది. దూరంగా రెండు దిబ్బలు, మధ్యలో చదునైన నేల, ఆ నేల మీద ఎండ. "అదిగో, చూడు సామీ," అంది ఆమె. ఆయన కూడా వంగి, కళ్ళద్దాలు తీసి, ఆ సందులోంచి చాలాసేపు చూశాడు.

దావా పడింది. వాదపత్రంలో హేగు తీర్పు ప్రస్తావన చూసి వకీళ్ళ గది రెండు రోజులు నవ్వింది.

"ఏమప్పా వ్యాసా, పోర్చుగలోని తరఫు మాట్లాడతాండావంట? పోలీసులొచ్చి పట్టుకుపోతే నేను జామీను ఉండను సుమా!" అన్నాడు పద్మనాభయ్య. పెద్ద వకీలు, జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ ప్రాక్టీసు. వ్యాపారి తరఫున వకాలత్తు వేసింది ఆయనే.

"నవ్వు మామా, నవ్వు. తీర్పు చదివి నవ్వు."

"తెలుగులో ఇయ్యి, చదువుతా. ఇంగ్లీషులో నవ్వు రాదు నాకు."

వేదవ్యాస ఆ మాటను పట్టుకున్నాడు. ఆ ఫిబ్రవరిలో వకీళ్ళ సంఘం సభలో పోర్చుగల్ కేసు మీద ఉపన్యాసం ఇస్తానన్నాడు. నబీ రసూల్ తెలుగు తర్జుమాను స్టెన్సిల్ కాగితం మీద ఉక్కు కలంతో రాసి, ముప్పై ప్రతులు తీశాడు. ఉపన్యాసం గంటన్నర సాగింది. ముందు వరసలో ఇద్దరు నిద్రపోయారు. సభ అయ్యాక చూస్తే ప్రతులు చాలావరకు కుర్చీల మీదే ఉన్నాయి. రెండు విసనకర్రలయ్యాయి, ఒకదాంట్లో ఎవరో వేరుశనగ బుడ్డలు పోసుకు తిన్నారు. పద్మనాభయ్య ఒక్కడే తన ప్రతిని నాలుగు మడతలు వేసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి నడుస్తూ వేదవ్యాస చేతులు వెనక్కి కట్టుకుని, చిన్నగా ఏదో గొణుక్కుంటున్నాడు. సంతోషంగా ఉన్నప్పుడు అట్లా చేస్తాడు.

"పన్నెండేండ్లకు ఒకరు చదువుతారు నబీ. పద్మనాభయ్య మామ చదువుతాడు. ఒక్కరు చాలు."

*

విచారణ 1962 మొదట్లో వచ్చింది. గోవా మన చేతికొచ్చి రెండు నెలలు కూడా కాలేదు. "నీ పోర్చుగలోడు మూటా ముల్లె సర్దుకుని పాయె గదప్పా, ఇంకెవరికి దారి?" అని కోర్టు మెట్ల మీదే వేళాకోళం.

మామూలుగా సాక్షులకు ముందురోజు పాఠం చెప్పడం ఆ కోర్టులన్నిటా అలవాటు. ఏది అనాలి, ఏది అనకూడదు, ఎక్కడ నాకు గుర్తులేదు అనాలి. ఆ పని నబీ రసూల్ చాలామందికి చేశాడు. చిన్నమ్మకు కూడా చేద్దామనుకున్నాడు. వేదవ్యాస ఒప్పుకోలేదు.

"ఆమెకేం పాఠం? నిజమే ఆమె పక్కనుండాది. లాల్‌బీ, అడిగినదానికి నిజం చెప్పుమ్మా, అంతే."

"అబద్ధం ఎందుకు చెప్తా సామీ, నా బిడ్డ పక్కన జాగా కోసం వచ్చి."

పద్మనాభయ్య చాలా మెత్తగా అడిగాడు. ఇంటికొచ్చిన పెద్దమ్మను పలకరించినట్టు.

"అమ్మా, ఆ చేన్లో అడుగుపెట్టే ముందు ఏమన్నా అంటారా?"

"అనకుండా ఎట్ల పోతాం సామీ? దొంగల మాదిరి పోతామా? 'పోతాండామప్పా' అంటాం."

"చేనోళ్ళు ఏమంటారు?"

"'పోమ్మా' అంటారు. పాతోళ్ళు శానా మంచోళ్ళు. ఎండగా ఉంటే మజ్జిగ గూడా ఇచ్చేటోళ్ళు."

"చేన్లో ఎవురూ లేకుంటే?"

"లేకున్నా అంటాం. చేనికన్నా చెప్పిపోవల్ల గదా."

కోర్టులో ఎవరో నవ్వారు. నబీ రసూల్ వేదవ్యాస వైపు చూశాడు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. పులివెందులలో చిన్నప్పుడు బుడ్డల చేన్లు దాటుతూ ఆయన కూడా ఆ మాటే అనేవాడు. అది మాట అని కూడా ఆయనకు తోచలేదు. ఆ సీమలో ఎవరికీ తోచదు. ఊపిరి తీసుకున్నామని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"జనాజా తీసుకపోయేటప్పుడు గూడా అంటారా?"

"అప్పుడు మొగోళ్ళు అంటారు సామీ. ముందు పోయేటాయన అంటాడు."

"మీ తాతల నాటినుంచీ?"

"తాతల నాటినుంచీ."

"ఎన్నడన్నా ఎవురన్నా వద్దన్నారా?"

"ఎందుకంటారు?"

"ఒకేళ వద్దనుంటే ఏం చేసుందురు?"

లాల్‌బీ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయింది. మనుషులు అట్లా కూడా ఆలోచిస్తారా అన్నట్టు చూసింది.

"వద్దంటే ఎట్ల పోతాం సామీ? వాళ్ళ చేను గదా. నిలబడతాం."

అప్పుడు వేదవ్యాస మొహంలో నవ్వు ఆగింది. పద్మనాభయ్య కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, మున్సిఫుగారి ముందు చదివాడు. ఉక్కు కలంతో తాను గీసిన అక్షరాలు పరాయి నోట్లోంచి రావడం నబీ రసూల్ విన్నాడు. "ప్రతిసారీ అనుమతి కోరుట అనగా హక్కు లేదని ప్రతిసారీ ఒప్పుకొనుటయే."

మున్సిఫుగారికి వాక్యం నచ్చింది. "చక్కగా ఉంది. తర్జుమా ఎవరిది?"

"వాది వకీలుగారిదే అండీ. ఈ గొప్పంతా మా వ్యాసయ్యది."

కోర్టంతా నవ్వింది. వేదవ్యాస లేచి నిలబడ్డాడు. అది తుపాకులున్నవాళ్ళ గురించి, ఈమె మామూలు మనిషి, మామూలు మనుషులకు ఆ కోర్టే దారి ఇచ్చింది అన్నాడు. ఇరుగుపొరుగు మర్యాదకు అనే మాట అనుమతి కాదన్నాడు. మున్సిఫుగారు ఓపికగా విన్నారు. ఆ మామూలు మనుషులు ఎవరినీ అడగకుండా నడిచారు, అందుకే వాళ్ళకు హక్కొచ్చింది, మీ వాది అడిగింది, వద్దంటే ఆగుతానని కూడా చెప్పింది అన్నారు. హేగు తీర్పు మనకు శాసనం కాకపోయినా మన దారిహక్కుల చట్టంలో ఉన్నదీ అదే సూత్రం అన్నారు. ఆయన కోపంగా అనలేదు. కొంచెం బాధగానే అన్నారు.

దావా కొట్టేశారు. బయట చింతచెట్టు కింద పద్మనాభయ్య వచ్చి వేదవ్యాస భుజం మీద చెయ్యి వేశాడు. "అప్పా, నిజం చెప్తాండా. నీ కాగితం చదవకుంటే నాకా ప్రశ్నే తట్టేది కాదు. మంచి పని చేసినావు, శానా స్పష్టంగా రాసినావు." ఆయన ఎగతాళిగా అనలేదు. అందుకే ఆ మాట లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

లాల్‌బీకి ఏం జరిగిందో నబీ రసూల్ విడమర్చి చెప్పాడు.

"అంటే చెప్పకుండా పోయుంటే దారి మనదయ్యేదా?"

"అంతే చిన్నమ్మా."

"దొంగల మాదిరి పోయుంటే?"

"ఊ."

ఆమె కొంగుతో కనుబొమ్మల మీది దూది తుడుచుకుంది. "కోర్టోళ్ళు యాడ పుట్టినారో ఏమో," అంది. "ఆ సామిని ఏమనొద్దులే. నాకోసం అంతదూరం తిరిగినాడు, మొహం చూడు ఎట్లయిపాయనో."

కడపలో వేసిన అప్పీలు మరుసటి సంవత్సరం కొట్టేశారు. వాది సాక్ష్యమే వాదికి ఎదురు అని రెండు ముక్కలు రాశారు. ఆ మధ్యలో వేదవ్యాస ఒక్క పేజీ కూడా తర్జుమా చేయలేదు. నబీ రసూల్ సాయంత్రాలు పోయి కూర్చునేవాడు. ఆయన పాత కట్టలోంచి పోర్చుగల్ కేసు కాగితాలు తీసి, ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వరసా వేలితో పోల్చుకునేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

*

1964 కార్తీకంలో లాల్‌బీ మంచం పట్టింది. పై ఊళ్ళలో వానలు. పెన్న ఎర్రగా పొంగుతోంది. ఇసకలోని చుట్టుదారి ముందే మునిగిపోయింది. నబీ రసూల్ వచ్చి చెబితే వేదవ్యాస ప్రొద్దుటూరులోనే వ్యాపారి అంగడికి పోయాడు, ఇతన్ని వెంటబెట్టుకుని. పత్తి బేళ్ళ మధ్య నిలబడి అడిగాడు.

"ఒక్కసారికి నాలుగు బండలు తీయించు మామా. ఆమెను తీసుకపోయి పెట్టి వస్తాం. మళ్ళా నువ్వే పాతించుకో."

"తీస్తే రేపు హక్కంటారు సామీ."

"అనరు. అనలేరు. అనుమతిస్తే హక్కు కాదని తీర్పే ఉండాది. నేనే రాసినా దాన్ని. నువ్వు దయ చూపిస్తే నీకు నష్టం లేదు, చట్టం నీ పక్కనుండాది."

వ్యాపారి ఆయన్ని జాలిగా చూశాడు. "నీ తీర్పుల సంగతి నాకు తెలీదు సామీ. కోర్టుకు పోకముందు వచ్చి ఇట్లనే అడిగింటే తీయించే వాణ్ణేమో. దావా ఏసినోళ్ళకు బండ తీస్తే నా మొహాన ఊస్తారు జనం."

వేదవ్యాస చేతులు జోడించాడు. నబీ రసూల్ తల తిప్పుకున్నాడు. ఆ చేతులు పుస్తకాలు నిమరడమే చూశాడు ఇన్నేళ్ళూ.

మూడోరోజు మధ్యాహ్నం లాల్‌బీ పోయింది. జనాజా మోసేవాళ్ళు బండల దాకా వచ్చి ఆగారు. వాన పడుతోంది. ముందు నడుస్తున్న పెద్దమనిషి అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసుకున్నాడు. అవతల ఎవరూ లేరు. బండల మధ్య సందులోంచి రెండు దిబ్బలు కనిపిస్తున్నాయి, మధ్యలో జాగాలో నీళ్ళు నిలిచాయి. ఎవరో దూకి పోదామన్నారు. కోర్టు తీర్పు ఉండాదిరా, అన్నాడు ఇంకొకడు. వేదవ్యాస తడిసిన కోటుతో పక్కనే నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఏం చెప్పాలో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే అన్నట్టు. ఆయన కళ్ళద్దాలు తీసి తడి కోటుకే తుడుచుకున్నాడు.

వెనక్కి తిరిగి ఊరి ముందు బాట పక్కన బంజరు నేలలో పూడ్చారు. అక్కడ అంతకుముందు ఎవరూ లేరు. ఆమె ఒక్కతే.

*

ఆ తర్వాత వేదవ్యాస ప్రొద్దుటూరు వదిలి పులివెందుల పోయాడు. తండ్రి ఇంట్లో ఒక గది, దగ్గు, మంచం. 1966 ఆగస్టులో ఆయన కబురు పెడితే నబీ రసూల్ బస్సెక్కాడు. దారి పొడుగునా ఎండిన బుడ్డల చేన్లు, చేలల్లో ఎవరూ లేరు.

సుశీలమ్మ తలుపు తీసి పక్కకు జరిగింది. మంచం మీద ఆయన కాగితంలాగా పలచబడిపోయాడు. నబీ రసూల్ పేపర్లో వచ్చిన సంగతి ఎత్తాడు. ఆఫ్రికాలో నల్లవాళ్ళను తొక్కిపెడుతున్నారని రెండు దేశాలు వేసిన దావాను హేగు కోర్టు ఆరేళ్ళు విని, అడిగే హక్కు మీకు లేదని కొట్టేసింది.

"వినింటి," అన్నాడు వేదవ్యాస. "జడ్జీలు సగం సగం అయినారంట. అధ్యక్షుడు తన ఓటు ఇంకోతూరి ఏసి తేల్చినాడంట." గొంతులో కోపం లేదు, కుతూహలం కూడా లేదు. వేరే ఊరి వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"దాన్ని రాస్తామా సామీ? నేను నాలుగు దినాలుంటా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్జుమా కట్టలు మొత్తం పదకొండు. పది మంచం కింద, వాటి మీద దుమ్ము. పదకొండోది మాత్రం దిండు పక్కనుంది. నబీ రసూల్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పోర్చుగల్ కేసు. తన చేతిరాతే. కానీ ప్రతి వరస కిందా ఎర్ర పెన్సిలు గీతలు, ఒకదాని కింద ఒకటి, కొన్నిచోట్ల కాగితం చిరిగేదాకా. పక్కన చిన్నగా తేదీలు. ఒకే వాక్యం దగ్గర పదిహేడు తేదీలు లెక్కపెట్టాడు. చివరిది మొన్నటిది.

"ఏంది సామీ ఇవి?"

వేదవ్యాస కట్ట వైపు చెయ్యి చాచాడు, అందక వదిలేశాడు. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని నబీ రసూల్ లేవబోతుంటే, మెల్లగా అన్నాడు:

"తర్జుమాలో యాడన్నా ఒక తప్పుంటే బాగుండని నాలుగేండ్లుగా వెతుకుతాండా నబీ. ఒక్కటీ దొరకలా."